పగులుకు అడ్డంగా

"ఈ గోడ కూలుతుందని ఏ ఇంజనీరు, ఏ తేదీన చూసి రాశాడు?"

చంద్రావతి అడుగుతుండగానే ఇంటి యజమాని పంపిన మనిషి ఖాళీ చేయమన్న నోటీసు గుమ్మంలో పడేసి మెట్లు దిగిపోయాడు.

గల్ఫ్ దేశానికి వచ్చి, హవల్లీలోని ఆ ఫ్లాటులో వాళ్లు డెబ్బై తొమ్మిదో సంవత్సరం నుంచీ ఉంటున్నారు. అద్దె సక్రమంగా కట్టేవాళ్లను చట్టప్రకారం ఊరికే వెళ్లగొట్టడానికి లేదు. భవనం కూలేలా ఉంటే మాత్రం వెళ్లగొట్టవచ్చు. కనుక గోడలో ఆ పగులు దానంతటది వచ్చిందా, ఎవరైనా తెప్పించారా?

"నూర్ మహమ్మద్, నిజం చెప్పు. మేం లేనప్పుడు మేకుతో గీకుతున్నది నువ్వేగా?"

రాయచోటి నుంచి వచ్చిన వాచ్‌మన్ చెవులు మూసుకున్నాడు. "అల్లా తోడు తల్లీ! గోడ ఉబ్బుతాండాది. పాప మంచమన్నా ఈడనించి జరపండమ్మా."

"జరిపితే మేం భయపడ్డామని రాసుకుంటారు. జరపను."

భర్త సోమేశ్వరరావు డ్రాఫ్ట్స్‌మన్. అసలు ప్లానును ట్రేసింగు కాగితం మీదికి వెంట్రుకవాసి తేడా లేకుండా దించడం ఆయన ఉద్యోగం.

"విచారణలో ఓడిపోతే నువ్వూ పాపా అమలాపురం వెళ్లిపోవాలే. ఇప్పటి అద్దెలు నా జీతానికి అందవు," అన్నాడాయన.

"అందుకే ఓడకూడదండీ."

చంద్రావతి ఆయన కాగితాల్లోంచి వేలెడు ముక్క కత్తిరించి, తేదీ వేసి, సంతకం చేసి, పగులుకు అడ్డంగా అంటించింది. గోడ కదిలితే కాగితం చిరగాలి. చిరగకపోతే యజమాని అబద్ధాలకోరు.

మూడు నెలలు గడిచాయి. కాగితం చెక్కుచెదరలేదు.

"ఏదయ్యా, నీ ఉబ్బే గోడ?"

"నాకేం తెల్సు తల్లీ. మీరు బజారుకు పోతే అయ్యగారు దాని కాడే నిలబడుకోనుంటారు."

ఆయనకూ పట్టుదల వచ్చిందని చంద్రావతి మురిసిపోయింది.

విచారణకు వచ్చిన అధికారి తేదీ, సంతకం సరిచూశాడు. యజమాని దగ్గర ఇంజనీరు పత్రం లేదు. ఆమె దగ్గర చిరగని కాగితం ఉంది. నోటీసు చెల్లదన్నాడు.

గెలిచిన మధ్యాహ్నం, గోడ పక్కన మంచం మీద పాప నిద్రపోతోంది. ఆ కాగితాన్ని ఊడదీసి దాచుకుందామని, బ్లేడు కోసం చంద్రావతి భర్త డ్రాయింగు పెట్టె తెరిచింది. అడుగున ఆరు ట్రేసింగు ముక్కలు, ఆరూ మధ్యకు చిరిగినవి.

అన్నిటి మీదా ఒకే తేదీ, వెంట్రుకవాసి తేడా లేని ఒకే సంతకం. వాటిలో ఆమె స్వయంగా చేసిన సంతకం ఏదో మీరు చెప్పండి.