టెంక ముక్క

వనజాక్షి చూపుడు వేలికి నాలుగు కుట్లు పడతాయని ఎమర్జెన్సీ వార్డులోని యంత్రం తేల్చింది. అయితే దేనితో తెగిందో తెలిస్తేగాని కుట్టనంది.

"మీ ఇంట్లో మూడు కత్తులనూ అడిగాను. మూడూ కాదన్నాయి."

అబద్ధం కాదు. చర్మం తగిలితే ఆగిపోయే కత్తులు వచ్చి పదకొండేళ్లయింది. పాతవన్నీ అప్పుడే ప్రభుత్వం పట్టుకుపోయింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరికీ వేలు తెగలేదు.

"తలుపు సందులో పడిందండీ," అంది వనజాక్షి.

"తలుపు కూడా కాదంది."

నర్సు సులోచన యంత్రాన్ని పక్కకు జరిపి గాయం చూసింది. అందులో ఆకుపచ్చటి తొక్క ముక్క ఉంది. వాసన చూసింది. పచ్చి మామిడికాయ.

"ఆవకాయా?" అంది మెల్లగా.

"ఏం చెయ్యనండీ? ఆ కత్తులు టెంక తగలగానే ఎముకనుకుని ఆగిపోతాయి. టెంక లేకుండా ఆవకాయేంటండీ! మా అత్తగారి కత్తిపీట అటక మీద దాచాను. తెలిస్తే పట్టుకుపోతారు."

సులోచన యంత్రాన్ని మళ్లీ దగ్గరకు లాగింది. కారణం దగ్గర 'వీధిలో గాజుపెంకు' అని రాసింది. వీధిలో గాజుపెంకులను అడిగే ఏర్పాటు ఇంకా రాలేదు. యంత్రం నాలుగు కుట్లూ వేసి, వారం దాకా వేలు తడపొద్దని చెప్పింది.

వనజాక్షి లేచింది. సులోచన మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు.

"మా ఇంట్లో యాభై కాయలు పండిపోయేలా ఉన్నాయండీ. ఆదివారం తెచ్చుకోనా? మీరు వేలు తడపకూడదుగా, మీవి కూడా నేనే కొట్టిపెడతాను."