ఒకటో నంబరు తీగ

"రెండంచులూ ఎర్రగా ఉంటే ఒకటో నంబరు తీగ ఏదని బిగించను అండాలూ?"

నాచారం షెడ్డులో యజమాని గిరిప్రసాద్ చేతిలోని రిబ్బన్ కేబుల్ పైకెత్తి చూపించాడు. ఆ బూడిదరంగు పట్టీకి ఒకటో తీగకి గుర్తుగా ఒక అంచునే ఎర్రగీత ఉండాలి. నిన్న ఆయుధపూజకి, షెడ్డులో పనిచేసే అండాలు రెండో అంచుకీ, గడపకి పూసినట్టు, పొడవునా కుంకుమ పూసింది. పట్టీ తిరగబడితే దాన్ని బిగించే అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. ఆ బోర్డు కొనేవాళ్ళు పన్నెండింటికి వస్తారు.

"బొట్టు పెట్టకుండ ఒక్కటి గూడ ఇడవకు అని మీరే గద సార్ అన్నరు."

"స్క్రూడ్రైవర్ల సంగతి అన్నాను. ఇది తేలకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

అండాలు తడిగుడ్డ తీసింది. "తుడుస్త. పోయేది అమ్మవారిది, ఉండేది కంపెనీది."

తుడిచింది. రెండూ పోయాయి.

తన నౌకరీ కూడా వాటితోనే పోయిందనుకుంది అండాలు. కానీ చవగ్గా వస్తోందని ఆ కేబుల్‌ను ఏరికోరి తెచ్చింది గిరిప్రసాదే.

అండాలు కేబుల్ కొస దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సార్, లోపల పది తీగలు ఒక్క తీరుగనే ఉన్నయి. కొసలకు ఇంకా కనెక్టర్లు నొక్కలే. మనం ఏ అంచును ఒకటంటే అదే ఒకటి. రెండు కొసల కాడ గదే లెక్క పట్టాలె, గంతే."

గిరిప్రసాద్ గోడమీద ఫ్రేము కట్టించుకున్న తన ఇంజనీరింగ్ పట్టా వంక చూశాడు. తర్వాత గడియారం వంక చూశాడు.

"కుంకుమ భరిణె ఎక్కడుంది అండాలమ్మా?"