గుండుకు పౌడర్

ఒమన్ దేశంలో బురైమి అనే ఊళ్లోని ఒక షూటింగ్ క్లబ్‌లో, తుపాకుల్లో వాడే సీసం గుండ్లకు మైనం పూసే పని సురేందర్‌ది. ఎండలు ముదిరితే ఆ మైనం జిగటవుతుంది, ఇసుకంతా అంటుకుంటుంది. అందుకని గట్టి మైనం ఎక్కువ కలిపి పూస్తాడు, ఆరాక పైన మామూలు ముఖం పౌడరే చల్లుతాడు. ఆ గదిలోకి ఫోన్లు తేనివ్వరు, బయటే పెట్టి రావాలి.

ఆ రోజు పౌడర్ చల్లుతుండగా తమ్ముడు భీమన్న లోపలికి వచ్చాడు. అదే క్లబ్‌లో చెట్లకు నీళ్లు పట్టే పని అతనిది. నున్నగా గుండు కొట్టించుకుని ఉన్నాడు.

సురేందర్ పగలబడి నవ్వాడు. "ఎండకు తట్టుకోలేక కొట్టిచ్చుకున్నవారా? మంచి పని చేసినవ్. దా, దీనికి గూడ అద్దుత, జిగట పట్టది."

గుప్పెడు పౌడర్ తమ్ముడి నెత్తిన పోసి, చిన్నప్పుడు బాపు తమకు స్నానం చేయించి రుద్దినట్టే అరచేత్తో రుద్దాడు. భీమన్న తల వంచుకునే నిలబడ్డాడు. తెల్లపొడి చెంపల మీదికి జారి, అక్కడ తడిసి ముద్దయింది.

"కండ్లల్ల పడ్డదారా?"

"లేదన్నా. నువ్వు గూడ కొట్టిచ్చుకోవాలె."

"నాకెందుకురా? గీ ఎండలు నాకు అలవాటే."

"ఎండకు కాదన్నా, బాపుకు. పొద్దుగాల ఇంటికాడికెల్లి ఫోనొచ్చింది. నీకు చెప్పనీకి నోరు రాలే. గుండు చూస్తే నీకే సమజైతదనుకున్న."

సురేందర్ చెయ్యి తమ్ముడి తల మీదే ఉండిపోయింది.