దొరగారి గుర్రం

మా జమీందారుగారి కెనడా యాత్రా గ్రంథాన్ని ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చువేశారు. గుంటూరు సభలో ఆయన మనవడు రామకాంత్ మొదటి ప్రతి నా చేతికిచ్చాడు.

"మీ నాన్నగారు మా తాతగారి వెంట వెళ్లిన వంటమనిషి కదండీ మాస్టారూ! రెండు మంచి మాటలు చెప్పండి."

దొరను దులిపేయడానికే వచ్చాను. నేను ఉయ్యాల్లో ఉండగా మా నాన్న జక్రయ్యను వెంట తీసుకెళ్లి, ఆయనొక్కడే తిరిగొచ్చాడు. "నీ మొగుడు అక్కడ తెల్లదాన్ని కట్టుకున్నాడే" అని అమ్మతో చెప్పాడు. మిరపచేలో తోటి కూలివాళ్లు ఏళ్ల తరబడి అమ్మను చూసి నవ్వారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను ఆ మంటతో ఈ ఒక్కటీ ఎన్నడూ తెరవలేదు.

వేదిక మీద ఉపన్యాసాలు సాగుతుంటే మొదటిసారి తిరగేశాను. నా వంతు రాగానే మైకులో ఒక పేజీ చదివాను.

"నది మీద మంచు పగిలి నా గుర్రం సుల్తాను, వంటవాడు మునిగిపోయారు. సుల్తాను కోసం మూడు రోజులు భోజనం ముట్టలేదు."

కూలివాళ్ల ఇంట్లో ఎవరైనా ఇది చదువుతారని దొర అనుకోలేదు.

రామకాంత్ ముఖం పాలిపోయింది. "ప్రూఫులు నేనే దిద్దానండీ మాస్టారూ. నాకు తట్టనేలేదు."

"మా ఇంట్లో ఒకరికి చదవకుండానే తట్టింది బాబూ" అన్నాను.

అమ్మకు అక్షరం రాదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్న అలాంటోడు కాదురా. నా సమాధి మీద ఆయన పేరు కూడా రాయించు" అని బతిమాలింది.

అప్పుడు నేను దొర మాటే నమ్మాను. చీమకుర్తి నల్లరాయి తెప్పించి, అమ్మ పేరొక్కటే చెక్కించాను.