పన్నెండో కుర్చీ

పవిత్ర గురువారం సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి ఫిలోమినాకి తల ప్రాణం తోకకొచ్చింది.

బలిపీఠం ముందు పన్నెండు కుర్చీలు వేసింది. పదకొండింట్లో పదకొండు మంది ముసలాళ్లు బూట్లు విప్పి కూర్చున్నారు.

పన్నెండోది ఖాళీ. అది వాళ్ల నాన్న బార్ట్లీది.

ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు, ఏటా ఈ రోజున ఫాదర్ డెక్లన్ ఊరి పెద్దలు పన్నెండు మంది పాదాలు కడుగుతాడు. ఆ చర్చిలో దీపం వెలగాలన్నా, గంట మోగాలన్నా ఫిలోమినాయే చూసుకోవాలి. ముప్పై ఏళ్లుగా బార్ట్లీ ఆ చివరి కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. వచ్చే ఏటికి ఉంటాడో ఉండడో. ఈ ఒక్కసారి ఆయన్ని అక్కడ కళ్లారా చూసుకుంటే చాలనుకుంది ఫిలోమినా.

అందుకే పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి, పాదాలు తనే సబ్బుతో తోమింది. గోళ్లు తీసింది. మడమలు రాయి పెట్టి రుద్దింది.

"అంతా నువ్వే కడిగేస్తే ఇక ఫాదర్‌కి ఏం మిగులుతుందే?" అన్నాడు బార్ట్లీ.

"నోరు మూసుకుని ఆ కాలు ఇటివ్వు నాన్నా. ఊరంతా చూస్తుంది."

ఊరంతా అదే వరస. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో పాట్సీ అయితే పాదాలకి సెంటు కూడా కొట్టుకొచ్చాడు.

"ఏవయ్యా పాట్సీ, పెళ్లికొచ్చావా?"

"పెళ్లినాడు కూడా ఇంత బాగా కడుక్కోలేదమ్మా!"

ఆమెకి నవ్వే ఓపిక లేదు. నాన్న ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడు. ఇదొక గోల అనుకుంటే, మధ్యలో ఊరి చివరి కన్సెప్టా నుంచి ఒకటే ఫోన్లు. కన్సెప్టా మొదలుపెట్టిందంటే గంట. మూడోసారి మోగేసరికి ఫోన్ కట్టేసి సంచిలో పడేసింది.

అప్పుడు తలుపు తోసుకుని ఎవరో ఒకతను లోపలికొచ్చాడు.

కొత్తమనిషి. యాభై ఏళ్లుంటాయి. ఈస్టర్ వారమంటే వాన కురవాల్సిందే, ఐర్లండ్‌లో అదొక వార్త కాదు. కానీ ఇతను తడవడమే కాదు, ఛాతీ నుంచి కిందంతా నల్లటి బురద. తళతళా తుడిచిన నేల మీద అడుగుకో మరక.

"ఫిలోమినా గారంటే..."

"నేనే. గుమ్మంలో కాళ్లపట్టా వేసింది దేనికనుకున్నారు?"

"క్షమించండమ్మా. మీ నాన్నగారు ఇవాళ రాలేరు. మీకు చెప్పి వెళ్దామని..."

"రాలేడా! ఎందుకు రాలేడట?"

"బాగా అలసిపోయారు. పడుకున్నారు. మీరేం కంగారుపడకండి."

"పడుకున్నాడా!" ఫిలోమినా గొంతు చర్చి పైకప్పుకి తగిలింది. "కంగారు కాదయ్యా, నాకు ఒళ్లు మండుతోంది! చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నేనొచ్చేదాకా ఇల్లు కదలకు అని. ఎక్కడ తాగారు మీరిద్దరూ?"

"తాగలేదమ్మా..."

"మరి నీ అవతారం ఏమిటి? పందులతో పొర్లాడావా?"

అతను ఏదో చెప్పబోయాడు. పదకొండు మందీ తన వైపే చూస్తున్నారని గమనించి తల దించుకున్నాడు.

"పోనీలే ఫిలోమినా, ఇతన్నే కూర్చోబెట్టు. కుర్చీ నిండుతుంది," అన్నాడు పాట్సీ.

"ఈ కాళ్లతోనా? అసలే ఫాదర్‌కి మోకాళ్ల నొప్పులు. ఇవి కడగడం మొదలుపెడితే తెల్లారిపోతుంది!"

అందరూ నవ్వారు. కొత్తమనిషి కూడా కొంచెం నవ్వాడు.

"నిజమేనమ్మా," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఫిలోమినా బకెట్టూ గుడ్డా తెచ్చి, సణుక్కుంటూ ఒక్కో మరకా తుడిచింది.

ఏడింటికి పూజ మొదలైంది. గతిలేక పన్నెండో కుర్చీలో తనే కూర్చుంది. ఫాదర్ డెక్లన్ మూలుగుతూ మోకాళ్ల మీద జరుగుతూ చివరికి ఆమె దగ్గరికొచ్చాడు. ఆమెవీ కలిపి పన్నెండు జతల పాదాలు కడిగినా పళ్లెంలో నీళ్లు పోసినప్పటిలాగే తేటగా ఉన్నాయి.

"నాకసలు పనే పెట్టలేదు కదమ్మా మీరు," అన్నాడు ఫాదర్ నెమ్మదిగా.

మెచ్చుకున్నాడనుకుంది ఫిలోమినా.

పూజ ముగిసి జనం లేస్తుండగా కన్సెప్టా రొప్పుతూ వచ్చింది.

"ఫోన్ ఎందుకే కట్టేశావ్? మీ నాన్న మా ఇంట్లో ఉన్నాడు."

"తెలుసులే. పడుకున్నాడట కదా మహారాజు."

"అతను అంతే చెప్పాడా నీకు?"

"ఇంకేం చెప్పాలి?"

"చర్చికని అడ్డదారిన బయల్దేరి, మా పెరటి వెనక ఊబినేలలో దిగబడిపోయాడే మీ నాన్న, గుండెల దాకా. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ మనిషి, కేక విని వచ్చి దిగాడు. పైకి లాగి, వీపున మోసుకొచ్చి మా పొయ్యి దగ్గర దించాడు. ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. ఇప్పుడు భయం లేదులే."

ఫిలోమినా గుమ్మం దాకా పరుగెత్తింది. రోడ్డు మీద వాన తప్ప ఎవరూ లేరు. ఏడింటి బస్సు వెళ్లి గంట దాటింది.

"పేరేమిటే అతనిది?" అంది ఫిలోమినా.

"అడగనిస్తేగా! వేణ్నీళ్లు పెట్టాను, ఉండవయ్యా అని బతిమాలాను. కూతురు తండ్రి కోసం గుమ్మం వైపే చూస్తుంటుందంటూ, కాళ్లైనా కడుక్కోకుండా నీ దగ్గరికి పరుగెత్తాడే."