పక్కదాని తాళంచెవి

లారీ ఇంజను ఆన్ అయింది. దాని బంపరుకు వీపు ఆనించి క్వాలిటీ ఇంజనీరు నిలబడింది. ఆమె చేతిలో రెండు తాళాలు, వాటి చెవులు ఉన్నాయి.

"ఈ లాటు కదలదు, బావగారూ."

ఆ తాళాల ఫ్యాక్టరీలో ఏ మిషను ఎప్పుడు తిరగాలో, ఏ సరుకు ఏ లారీ ఎక్కాలో చూసే ప్లానింగు మేనేజరు ఆమెకు సొంత అక్క మొగుడు. ఇంట్లో ఒకే కంచంలో తిన్నంత చనువు, ఫ్యాక్టరీ గేటు లోపలికి వస్తే మాత్రం ఉప్పూ నిప్పూ. ఆయన వాచీ చూసుకున్నాడు, గేటువైపు చూశాడు, ఆ తరువాతే మరదలివైపు చూశాడు.

సరుకు కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టలుకి వెళ్ళాలి. గది గదికీ బీరువాలు, బీరువా బీరువాకీ ఒక తాళం. సాయంత్రానికి చేరకపోతే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్ళు తెగేసి చెప్పారు. ఆ సంగతే ఆయన మళ్ళీ ఏకరువు పెట్టాడు. గుప్పెడు చూసి బండెడు ఆపడం ఏ చదువులో నేర్పారని కూడా అడిగాడు.

ఆ గుప్పెడే అసలు గొడవ. ఇదివరకు అక్కడ తనిఖీ అంటే బల్లల ముందు వరసగా కూర్చుని ప్రతి తాళాన్నీ దాని చెవితో తెరిచి చూడడమే. తెరుచుకుంటే పాసు. పక్కదాని చెవికి కూడా తెరుచుకుంటుందేమో అని చూసిన పాపాన ఎవరూ పోలేదు. మరదలు వచ్చి ఆ బల్లలన్నీ తీయించేసింది. ఇప్పుడు ప్యాకైన పెట్టెల్లో చెయ్యి ఎక్కడ పడితే అక్కడ పెట్టి గుప్పెడు తాళాలు తీస్తారు. అన్ని చెవుల్నీ అన్ని తాళాల్లోనూ తిప్పుతారు. ఒక్కటి తేడా వచ్చినా లాటు మొత్తం ఆగాల్సిందే. ఓనరమ్మ సరేనంది గానీ, ఒక మెలిక పెట్టింది. ఒక్క చెడ్డ తాళం గేటు దాటినా పాత బల్లలు వెనక్కొస్తాయి, ఇంజనీరు ఇంటికెళ్తుంది.

"చూడండి," అని మరదలు మొదటి తాళంలో రెండోదాని చెవి పెట్టి తిప్పింది. టక్కున తెరుచుకుంది. రెండోదాంట్లో మొదటిదాని చెవి పెట్టింది. అదీ తెరుచుకుంది. "ఒకమ్మాయి బీరువా పక్కమ్మాయి చెవితో తెరుచుకుంటే ఇక తాళం ఎందుకండీ? పైన ఒక దుప్పటి కప్పేస్తే పోలా?"

లారీ డ్రైవరు కిసుక్కున నవ్వి, మేనేజరు మొహం చూసి ఇంజను కట్టేశాడు. ఈలోపు గొడవ విని ఓనరమ్మ మేడ దిగి వచ్చింది. తాళాలు రెండూ చేతిలోకి తీసుకుని తానే తిప్పి చూసింది. మొహం గంటు పెట్టుకుని, ఇవి ఎలా వచ్చాయని మేనేజర్ని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, చివరికి నవ్వేశాడు.

"వాటిని పెట్టింది నేనేనమ్మా."

పొద్దున పెట్టెలకు టేపు వేయకముందే, ఏ చెవికైనా తెరుచుకునే తాళాలు రెండు తానే లాట్లో కలిపేశాడట. ఇంత సరుకులో రెండే రెండు, గుప్పెడు తీసే పద్ధతికి దొరకనే దొరకవని ఆయన ధీమా. లారీ గేటు దాకా వెళ్ళాక తానే ఆపించి, పెట్టెలు విప్పించి, ఆ పద్ధతి ఎంత డొల్లో అందరికీ చూపించాలనుకున్నాడు.

"మరదలుగారు నాకంటే ముందే పట్టేశారు. ఒప్పుకుంటున్నాను, ఓడిపోయాను," అని చేతులెత్తి దండం పెట్టాడు.

తన ఉద్యోగంతో ఆటలాడినందుకు మరదలికి ఒళ్ళు మండాలి. కానీ మండలేదు. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. బద్ధశత్రువే నలుగురిలో సర్టిఫికెట్ ఇచ్చాక ఇంకేం కావాలి? ఓనరమ్మ కూడా మెత్తబడింది. మూలన పడేసిన పాత బల్లల్ని రేపే అమ్మేయమంది, కొత్త పద్ధతి ఇక శాశ్వతం అంది. తాళాలు మరదలి చేతికి తిరిగి ఇస్తూ, మరి లారీ సంగతేమిటని అడిగింది.

"పెట్టినవి రెండు, దొరికినవి రెండు. ఇక ఈ లాటుకి ఢోకా లేదమ్మా," అని మరదలు బంపరు దగ్గర్నుంచి పక్కకు తప్పుకుంది.

మిగతావాటి సంగతి ఎవరైనా అడిగి ఉంటే ఆమె పెట్టెలన్నీ విప్పి చూసేదే. అడిగేవాళ్ళెవరూ లేరు. లారీ గేటు దాటి, మెయిన్ రోడ్డు ఎక్కి, ట్రాఫిక్‌లో కలిసిపోయింది. ఓనరమ్మ మేడెక్కింది.

ఈ ముచ్చట అక్క చెవిన వేస్తే ఇంట్లో ఎంత సందడిగా ఉంటుందో మరదలు అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది. నీ పుణ్యముంటుంది, మీ అక్కకు మాత్రం చెప్పకు అని బావ బతిమాలాడు. ఆ తాళాలు ఇటిమ్మన్నాడు, ఓడినందుకు గుర్తుగా తన టేబుల్ మీద పెట్టుకుంటానన్నాడు. ఆమె నవ్వుతూ ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన ఒకదాన్ని తిరగేశాడు. రెండోదాన్నీ తిరగేశాడు. ఎండలోకి జరిగి, అడుగుభాగాన్ని బొటనవేలితో తుడిచి మళ్ళీ చూశాడు.

"ఏమైంది బావగారూ?"

"గుర్తుండాలని నావాటి అడుగున ఆకురాయితో గీత గీశాను," అన్నాడాయన, లారీ వెళ్ళినవైపు చూస్తూ. "ఇవి నేను పెట్టినవి కావు."