ఇంకెక్కడా లేని పువ్వు

"అప్పా, ఈ పువ్వు ఇంకెక్కడా ఉండకూడదని మొక్కుకో. ఉన్నాదంటే ఈపాటికే ఎవడో పేరెట్టేసుంటాడు. నా ప్రమోషన్ పోతాది" అన్నాడు తమ్ముడు సన్యాసిరావు.

వాడు విజయనగరంలో బోటనీ లెక్చరర్. మా కొండ కింద గడ్డిలో, నేల మీద పెరిగే కొత్త ఆర్కిడ్‌ను కనిపెట్టాడు. అక్కను కదా, వాడి తలనీలాలు ఇప్పిస్తానని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను.

తమ్ముడు పువ్వుకు ఎమ్మెల్యేగారి పేరు పెట్టి, చివర లాటిన్ తోక తగిలించాడు. ఆయన మురిసిపోయి, అది పూసిన చోటే వేసవిలో సభ పెట్టమన్నారు. కార్లు ఆగడానికి తమ్ముడే దగ్గరుండి జేసీబీతో గడ్డినంతా చెక్కించాడు.

"మరి నీ పువ్వో?" అన్నాను.

"ఎండల్లో దుంపలు నేల్లో పడుకుంటాయప్పా. వానలకి అవే లెగుస్తాయి."

ప్రమోషన్ వచ్చింది. వానలూ వచ్చాయి. పువ్వు మాత్రం రాలేదు. తమ్ముడు పార్వతీపురం దాకా కొండలన్నీ వెతికాడు.

నిన్న మళ్లీ వచ్చాడు.

"అప్పా, ఎమ్మెల్యేగారు తన పువ్వు సూపించమంటన్నారు. ఎక్కడో ఒకచోట ఉండాలని మొక్కుకో."

దీపం వత్తి సరిచేశాను.

"నువ్వడిగిందే అప్పన్న ఇచ్చినాడు కదరా. ముందెల్లి గుండు సేయించుకో."